పన్నెండు సెకన్ల పైకప్పు

సైకిల్ రిక్షా ఎక్కి తిరిగినవాళ్ళకు టాపు సంగతి బాగా తెలుసు. నాలుగు చినుకులు పడగానే రిక్షా అతను కిందికి దిగి, సీటు వెనక మడిచి ఉన్న టాపును రెండు చేతులా పట్టుకుని ముందుకు లాగేవాడు. కమ్ములు ఒకదాని వెంట ఒకటి లేచేవి, రెగ్జిను గుడ్డ బిగుసుకునేది, పక్కనున్న మడత కీలు టక్కుమని నిలబడేది. వాన వెలిశాక ఆ కీలును అరచేత్తో ఒక్క పోటు కొడితే చాలు, టాపంతా మళ్ళీ వెనక్కి ముడుచుకుపోయేది. చిన్నప్పుడు నాకు ఆ టక్కుమనే చప్పుడంటే ఇష్టం. అంత గుడారాన్నీ జానెడు ఇనప పట్టీ ఎలా నిలబెడుతోందా అని చూస్తూ కూర్చునేవాణ్ణి.

జవాబు రేఖాగణితంలో ఉంది. మడత కీలులోని రెండు పట్టీలూ ఒకే గీత మీదికి వచ్చి, ఆ గీతను ఒక్క పిసరు దాటి అవతలికి వంగితే, టాపు బరువు కీలును మడవలేదు సరికదా, ఇంకా బిగిస్తుంది. తెరవాలంటే ఆ గీతను మళ్ళీ ఇవతలికి దాటించాలి. అరచేతి పోటు చేసే పని అదే.

ఖరీదైన స్పోర్ట్స్ కార్ల మడత టాపుల్లోనూ కమ్ములు, కీళ్ళు, గుడ్డ ఇవే. చెయ్యి ఉండాల్సిన చోట మోటారు వచ్చింది. మరమ్మతు కష్టమైంది కూడా అక్కడే. టాపు ఎక్కడైనా బిగుసుకుంటే రిక్షా అతని చేతికి తెలిసేది. ఆగి, చూసి, సర్ది, మళ్ళీ లాగేవాడు. మోటారుకు ఆ స్పర్శ లేదు. స్పర్శ లేని బలాన్ని అదుపులో పెట్టడానికి ఇంజనీర్లు ఏమేం అమర్చారు, పాతికేళ్ళు గడిచాక వాటిలో ఏవి ముందు చెడిపోతాయి అన్నదే ఈ వ్యాసం.

ఉదాహరణకు పోర్షే బాక్స్‌టర్‌ను తీసుకుంటాను, అందులోనూ 986 అని పిలిచే మొదటి తరాన్ని. స్టుట్‌గార్ట్ కంపెనీ దీని నమూనాను 1993 జనవరిలో డెట్రాయిట్ ప్రదర్శనలో పెట్టింది. 1996లో అమ్మకానికి వచ్చిన కారు 2004 దాకా తయారైంది. గిరాకీకి సరిపోక 1997 నుంచి ఫిన్లాండ్‌లోని ఊసికౌపుంకి పట్టణంలో కూడా చేయించారు. సిలిండర్లను ఎదురెదురుగా పడుకోబెట్టిన ఇంజనును బాక్సర్ అంటారు, పైకప్పు తెరుచుకునే రెండు సీట్ల కారును రోడ్‌స్టర్ అంటారు. ఆ రెంటినీ కలిపితే వచ్చిన పేరు ఇది. ఇంజను సీట్లకు వెనక, వెనక చక్రాలకు ముందు ఉంటుంది. అంటే సరిగ్గా టాపు మడిచిపెట్టే చోటికి కింద. పైనుంచి ఇంజనును చూడాలంటే టాపును సగం తెరిచి, వెనక మూత ఎత్తి, లోపలి కార్పెట్టూ దాని కింది మూతా తీయాలి. కాబట్టి టాపు కదలకపోతే పోయేది ఎండా గాలీ మాత్రమే కాదు, ఇంజనుకు పైదారి కూడా మూసుకుపోతుంది.

ఇప్పుడు ఆ కార్ల వయసు ఇరవై నుంచి ముప్ఫై ఏళ్ళ మధ్య. అమెరికాలో, బ్రిటన్‌లో కొత్త చిన్న కారు ధరకన్నా తక్కువకే దొరుకుతున్నాయి. అందుకే ఒకప్పుడు షోరూము బయట నిలబడి చూసినవాళ్ళు ఇవాళ కొనుక్కుంటున్నారు, సెలవు రోజున స్పానర్లు పట్టుకుని తామే కిందికి దూరుతున్నారు. అక్కడ స్థిరపడిన మనవాళ్ళలో ఎవరికైనా ఈ మోజుంటే వాళ్ళకూ ఇది పనికొస్తుందని నా ఆశ.

కారు టాపును యంత్రంతో మడిచే ప్రయత్నం కొత్తదేం కాదు. 1930ల్లో ఫ్రాన్సులో జార్జ్ పోలాఁ అనే దంతవైద్యుడు రేకు పైకప్పు మొత్తాన్నీ డిక్కీలోకి దిగేలా చేసే పద్ధతి కనిపెట్టాడు. ప్యూజో కంపెనీ దాన్ని ఎక్లిప్స్ అన్న పేరుతో అమ్మింది. ఆ తర్వాత నాజీలకు వ్యతిరేకంగా రహస్యంగా పనిచేస్తూ పట్టుబడిన ఆయనను 1942లో కాల్చి చంపారు. మడిచే పైకప్పుల గురించి రాసే ప్రతి చోటా ఆయన పేరు ఉండాలనే కోరికతో ఇక్కడ రాస్తున్నాను. 1939లో అమెరికాలో ప్లిమత్ కంపెనీ గుడ్డ టాపును యంత్రబలంతో కదిలించింది. దాన్ని నడిపింది విద్యుత్తు కాదు, గాలి పీల్చే శూన్యబలం. 1957లో ఫోర్డ్ స్కైలైనర్ వచ్చింది. దాని రేకు పైకప్పును దాచడానికి 610 అడుగుల వైరు, 10 రిలేలు, 10 హద్దు స్విచ్‌లు వాడారు. మూడేళ్ళలోనే ఆ మోడల్ ఆగిపోయింది.

బాక్స్‌టర్ రూపకర్తలు అంత హంగు పెట్టుకోలేదు. తెరిచే క్రమం చూడండి. ముందు హ్యాండ్ బ్రేకు లాగి ఉండాలి, తాళం తిప్పి ఉండాలి. ముందు అద్దానికి పైన, నడిమధ్య ఉన్న పిడిని లాగితే కొక్కెం విడుస్తుంది. విడవగానే రెండు పక్కల కిటికీ అద్దాలూ కొంచెం కిందికి దిగుతాయి, కదిలే టాపు అంచు వాటికి రాసుకోకుండా. ఇక మీట నొక్కి పట్టుకోవాలి. సీట్ల వెనక మూత పైకి లేస్తుంది. టాపు జెడ్ అక్షరంలా మడతపడుతూ వెనక్కి వెళ్తుంది. మూత దాని వెనక భాగం మీదికి దిగి కూర్చుంటుంది. పన్నెండు సెకన్లు.

ఇదంతా చేసేది ఒకే ఒక్క మోటారు. అది సీట్ల వెనక మధ్యలో ఉంటుంది. దాని నుంచి ఎడమకొకటి, కుడికొకటి తిరిగే కేబుళ్ళు వెళ్తాయి. పాత స్కూటర్లలో చక్రం నుంచి స్పీడోమీటరుకు వెళ్ళే కేబుల్ ఉండేదే, లోపల తీగ గిరగిరా తిరుగుతూ, అదే రకం. ఆ రెండు కేబుళ్ళూ రెండు పక్కలా ఉన్న గేరుపెట్టెల్లోకి దిగుతాయి. గేరుపెట్టె తన వంతుగా వేగాన్ని తగ్గించి బలాన్ని పెంచుతుంది, ఒక లివరును తిప్పుతుంది. ఆ లివరుకు తగిలించిన కడ్డీలు, లంకెలు మూతనూ టాపు చట్రాన్నీ కదిలిస్తాయి. మోటారు ఒకటే కావడంలో గొప్ప తెలివి ఉంది. రెండు పక్కలకు రెండు మోటార్లు పెడితే ఒకటి ముందు, ఒకటి వెనక నడిచే ప్రమాదం ఉండేది. ఒకే మోటారు రెండు కేబుళ్ళనూ తిప్పుతుంటే రెండు పక్కలూ అడుగులో అడుగు వేస్తూ నడుస్తాయి. కేబుళ్ళు బాగున్నంతవరకూ.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేద్దాం. చట్రం, గుడ్డ, మూత కలిపి కదిలే బరువు 20 కిలోలు అనుకుందాం, అది సగటున అర మీటరు పైకి లేస్తుందనుకుందాం. 20ని 9.8తో, వచ్చినదాన్ని 0.5తో హెచ్చవేస్తే 98 జౌళ్ళు. పన్నెండు సెకన్లకు పంచితే సెకనుకు 8 జౌళ్ళు, అంటే 8 వాట్లు. మన ఇంట్లో ఒక ఎల్‌ఈడీ బల్బు తినేంత. రాపిడికి ఇంకో నాలుగింతలు వేసుకున్నా పెద్ద మొత్తం కాదు. ఇంత తేలిక పనికి ఏదైనా ఎందుకు విరగాలి?

తలుపును గడియ దగ్గర తోయకుండా బందుల పక్కన తోసి చూడండి. తలుపు అదే, బరువు అదే, కానీ చెయ్యి నొప్పెడుతుంది. కారు టాపును నెట్టే కడ్డీకి ఉన్న కష్టం సరిగ్గా ఇదే. అది కీలుకు చాలా దగ్గరగా నెట్టాలి, ఎందుకంటే అంతకు మించి చోటు లేదు. కడ్డీ కీలుకు 5 సెంటీమీటర్ల దూరంలో నెడుతోందనుకోండి. బరువు కేంద్రం 50 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకోండి. 20 కిలోలను లేపడానికి 200 కిలోల బలం కావాలి. రెండు పక్కలకూ పంచితే ఒక్కో కడ్డీ మీద 100 కిలోలు. ఇది నేను సులువుగా ఉండాలని తీసుకున్న అంకె, కారు మీద కొలిచింది కాదు. కానీ విషయం బోధపడుతుంది. పని తక్కువే, బలం మాత్రం ఎక్కువ. ఆ బలమంతా గోలీకాయకన్నా చిన్నదైన ఒక బంతి మీద పడుతుంది.

ఆ బంతిని దగ్గరగా చూడాలి. లివరు చివర ఒక ఉక్కు బంతి ఉంటుంది. కడ్డీ చివర ఒక ప్లాస్టిక్ గిన్నె ఉంటుంది, మన చిటికెన వేలి కొన పట్టేంత. గిన్నెను బంతి మీద పెట్టి గట్టిగా నొక్కితే టప్పున ఎక్కి కూర్చుంటుంది. కడ్డీ తన కోణం మార్చుకుంటున్నా గిన్నె బంతి చుట్టూ తిరుగుతూ పట్టు వదలదు. మన తుంటి కీలులాంటి అమరిక. కొత్తలో ఈ గిన్నె గట్టిగా, కాస్త సాగేట్టుగా ఉంటుంది. పాతికేళ్ళ ఎండలు, ఇంజను వేడి, శీతాకాలపు మంచు, వేలసార్ల నెట్టుడు దాటాక దాన్ని ఊడదీసి వెలుతురులో పట్టుకుంటే మూతి అంచు దగ్గర సన్నని తెల్ల గీత కనిపిస్తుంది. బళ్ళో ప్లాస్టిక్ స్కేలును వంచితే పడే తెల్ల మరక లాంటిదే. లోపలి పొడవాటి అణువుల గొలుసులు జరిగిపోయి, మధ్యలో కంటికి కనపడని ఖాళీలు ఏర్పడ్డాయని ఆ తెలుపు చెబుతోంది. ఆ గీత చీలిక అవుతుంది. ఒక రోజు మీట నొక్కగానే పటుక్కుమంటుంది.

అసలు నష్టం జరిగేది ఆ చప్పుడు తర్వాత. ఎడమ గిన్నె విరిగిందనుకోండి. మోటారు ఆగదు, దానికి తెలియదు. కుడి కడ్డీ ఒక్కటే మొత్తం బరువును మోస్తూ టాపును నెడుతుంది. ఎడమ పక్క వెనకబడుతుంది. చట్రం మెలి తిరుగుతుంది. యజమాని కంగారులో మీటను మళ్ళీ నొక్కుతాడు, ఈసారి మూసే వైపు. మెలి ఇంకా పెరుగుతుంది. ఒకసారి వంగిన చట్రాన్ని మళ్ళీ సరిగ్గా సాగదీయడం దాదాపు అసాధ్యం. చిన్న ప్లాస్టిక్ ముక్కతో పోయేది చట్రం ఖర్చు దాకా వెళ్తుంది.

గిన్నె విరిగినవాళ్ళకు మొదట తట్టే ఆలోచన ఒకటుంది: ప్లాస్టిక్ తీసేసి లోహపు గిన్నె వేస్తే ఇక విరగదు కదా. అలాంటివి బజార్లో దొరుకుతాయి కూడా. నేను వద్దనే అంటాను. కారణం మన రైతులకు చెప్పనక్కర్లేదు. ట్రాక్టరుకు రోటావేటరు తగిలించేటప్పుడు షాఫ్టులో ఒక షియర్ బోల్టు వేస్తారు. పళ్ళకు పెద్ద రాయి తగిలితే ఆ బోల్టు తెగుతుంది, గేరుబాక్సు బతుకుతుంది. తెగుతోంది కదా అని దాని స్థానంలో గట్టి బోల్టు బిగిస్తే తర్వాతి రాయికి గేరుబాక్సే పోతుంది. కరెంటుకు ఫ్యూజు ఎలాగో బలానికి ఆ బోల్టు అలా. బాక్స్‌టర్ టాపులో ప్లాస్టిక్ గిన్నె చేసే పని కూడా అదే. రూపకర్త అది మనసులో పెట్టుకునే చేశాడా లేదా అన్నది వేరే మాట. అది విరగగానే మీట వదిలేస్తే దాని వెనకున్న గేరు పళ్ళూ ముందున్న చట్రమూ మిగులుతాయి. కాబట్టి పాత రకం గిన్నెలే, రెండు పక్కలా ఒకేసారి, కొత్తవి వేయాలి. వేసే ముందు చట్రాన్ని చేత్తో నెమ్మదిగా లేపి దించి ప్రతి కీలు ఎంత తేలిగ్గా తిరుగుతోందో చూడాలి. ఎండిపోయి బిగుసుకున్న కీలును వదిలేసి కొత్త గిన్నె వేస్తే అది కూడా ఎక్కువ కాలం ఉండదు.

కేబుళ్ళది ఇంకో కథ. లోపలి తీగ చివర నలుపలకలుగా ఉంటుంది. అది గేరుపెట్టెలోని నలుపలకల బెజ్జంలోకి పూర్తిగా దిగాలి. ఏళ్ళ తరబడి రెండు వైపులా మెలి తిరిగి తిరిగి తీగకూ పైతొడుగుకూ పొడవులో తేడా వస్తుంది. తీగ కొన బెజ్జంలో చివరంటా కాకుండా అంచున మాత్రమే తగులుకుంటుంది. అప్పుడు నాలుగు మూలలూ అరిగి గుండ్రమవుతాయి. మోటారు తిరుగుతుంది, కేబుల్ తిరుగుతుంది, ఒక పక్క గేరు మాత్రం తిరగదు. అరిగిన స్క్రూ తలలో స్క్రూడ్రైవరు జారినట్టే. చూడటానికి గిన్నె విరిగినప్పటి లక్షణమే, టాపు ఒక పక్కకు ఒరుగుతుంది. అందుకే గిన్నెలు బాగున్నా టాపు వంకరగా నడిస్తే కేబుల్ కొనలను తీసి చూడాలి. మూలలు ఇంకా పదునుగా ఉంటే, పైతొడుగును ఒక పిసరు కోసి తీగను లోపలికి ఇంకాస్త దిగేలా చేసి నడుపుకునేవాళ్ళున్నారు. మూలలు గుండ్రమైపోతే మాత్రం కేబుల్ మార్చాల్సిందే. తిరిగి బిగించేటప్పుడు రెండు గేరుపెట్టెలూ ఒకే స్థితిలో ఉన్నాయో లేదో చూసి, వెనకబడినదాన్ని చేతి డ్రిల్లుతో నిదానంగా తిప్పి సరిచేస్తారు. ఈ ఒక్క పని తొందరపడితే, చేసిన మరమ్మతంతా మొదటి నొక్కుకే పాడవుతుంది.

మీట నొక్కితే అసలు ఏమీ జరగకపోతే? అప్పుడు చెవి పెట్టి వినాలి. నా దృష్టిలో ఇంతకన్నా మంచి పరీక్ష లేదు, ఖర్చు కూడా లేదు. రేడియో, ఫ్యాను ఆపేసి మీట నొక్కండి. మోటారు గుయ్‌మంటూ తిరుగుతూ టాపు కదలకపోతే తప్పు కేబుళ్ళ నుంచి అవతల ఉంది. మోటారుకు కరెంటు కలిపే రిలే టిక్కుమని మోటారు మౌనంగా ఉంటే కరెంటు మోటారు దాకా చేరడం లేదు, లేదా మోటారే పోయింది. టిక్కు కూడా లేకపోతే యంత్రం మీ ఆజ్ఞనే అంగీకరించలేదు. అది అడిగే ప్రశ్నల్లో ఒకదానికి జవాబు అందలేదు.

యంత్రం ప్రశ్నలు అడగడమంటే ఇదీ. కారు ఆగి ఉందా? హ్యాండ్ బ్రేకు కింద ఉన్న చిన్న స్విచ్ చెప్పాలి. కొక్కెం పూర్తిగా విడిందా? పిడి దగ్గరున్న మైక్రోస్విచ్ చెప్పాలి. వీటిలో ఒక్కటి నోరు మెదపకపోయినా టాపు కదలదు. స్పర్శ లేని మోటారుకు ఇంజనీర్లు పెట్టిన వేళ్ళు ఇవి. మైక్రోస్విచ్‌ను విప్పితే లోపల ముందే వంచి బిగించిన సన్నని స్ప్రింగు రేకు ఉంటుంది. మీట ఎంత నెమ్మదిగా నొక్కుకున్నా, ఒక స్థానం దాటగానే ఆ రేకు టక్కున అటునుంచి ఇటు దూకుతుంది. రిక్షా కీలు గీత దాటినట్టే. ఆ దూకుడు వల్లే తగిలే మొనలు అరకొరగా తగిలి నిప్పురవ్వలు చిమ్మకుండా ఒక్క దెబ్బలో కలుస్తాయి, విడతాయి. కొక్కెం దగ్గరి స్విచ్ చెడిందా అన్నది మనకు టాపు కన్నా ముందు కిటికీలే చెబుతాయి. పిడి లాగినప్పుడు అద్దాలు దిగకపోతే అనుమానం మొదట అక్కడికే వెళ్ళాలి. మల్టీమీటరును బీప్ మీద పెట్టి, స్విచ్‌ను వేలితో నొక్కి వదిలి చూస్తే నిమిషంలో తేలిపోతుంది.

టిక్కుమని మోటారు తిరగని సందర్భంలో చాలామంది నేరుగా కొత్త మోటారు కొంటారు. కొనేముందు ఓమ్ సూత్రాన్ని గుర్తు తెచ్చుకోమంటాను. పచ్చగా చిలుము పట్టిన ఒక్క కనెక్షను 0.1 ఓమ్ అడ్డుపెట్టిందనుకోండి. మల్టీమీటరుతో వోల్టేజి మాత్రమే చూస్తే, కరెంటు పారనప్పుడు 12 వోల్టులూ కనిపిస్తాయి, అంతా బాగున్నట్టే ఉంటుంది. మోటారు 20 ఆంపియర్లు లాగగానే ఆ చిలుము దగ్గరే 2 వోల్టులు హరించుకుపోతాయి, 40 వాట్లు వేడిగా మారతాయి. అలాంటివి రెండు చోట్ల ఉంటే మోటారుకు చేరేది 8 వోల్టులే. అందువల్ల కొలత ఎప్పుడూ మీట నొక్కి ఉంచినప్పుడే తీయాలి. అన్నిటికన్నా ముందు బ్యాటరీ చూడాలి. నిండా చార్జి ఉండి తీరిక మీద ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. నెలలకొద్దీ షెడ్డులో కూర్చున్న కారుకు ఇది చాలాసార్లు ఉండదు.

ఇక గుడ్డ. దాని పుట్టుక 1823 నాటిది. గ్లాస్గోలో చార్లెస్ మాకింటాష్ రబ్బరును నాఫ్తాలో కరిగించి రెండు బట్టల మధ్య పూసి, వాన తడపని గుడ్డకు పేటెంటు తీసుకున్నాడు. నేటి టాపు గుడ్డా అదే పద్ధతి: పైన ఎండకు రంగు పోని యాక్రిలిక్ నేత, మధ్య రబ్బరు పొర, లోపల ఇంకో నేత. గుడ్డ దానంతటది చిరగడం తక్కువ. చిరిగేలా చేసేది మనం చూడని ఒక ఎలాస్టిక్ పట్టీ. టాపు మడతపడేటప్పుడు మధ్య గుడ్డను లోపలికి లాగి పట్టుకోవడానికి రెండు పక్కలా ఎలాస్టిక్‌లు కుట్టి ఉంటాయి. పాత లాగూ నడుము ఎలాస్టిక్ వదులైనట్టు అవీ వదులైపోతాయి. రబ్బరులోని గొలుసులు గాలిలో ఆక్సిజన్‌తో కలిసి సాగే గుణం పోగొట్టుకుంటాయి. అప్పుడు గుడ్డ లోపలికి పోకుండా చట్రం కమ్ముల మధ్య చిక్కుకుంటుంది. ప్రతి మడతకూ ఒక నలుగుడు. కొన్నాళ్ళకు ఒకే చోట చిన్న చిరుగు కనిపిస్తుంది. టాపు గుడ్డ మొత్తం మార్చాలంటే పెద్ద ఖర్చు. ఎలాస్టిక్ ఖర్చు దర్జీ దగ్గరి ఖర్చు.

2002 మోడల్ దాకా వెనక కిటికీ కూడా గాజు కాదు, మెత్తని ప్లాస్టిక్. పీవీసీని మెత్తబరచడానికి కలిపే నూనెలాంటి పదార్థం ఎండకు మెల్లగా బయటికి వచ్చేస్తుంది. మిగిలిన ప్లాస్టిక్ పచ్చబడి పెళుసెక్కుతుంది. చలిరోజున తెరిస్తే మడత దగ్గర అద్దంలా పగులుతుంది. అందుకని అనుభవజ్ఞులు టాపును సగంలో ఆపి, కారు దిగి వెనక్కి వెళ్ళి, కిటికీ నడిమధ్య అరచేతి అంచుతో లోపలికి చిన్న తాటు ఇచ్చి, మడత సాఫుగా పడ్డాకే మిగతా సగం నడిపిస్తారు. 2003 మోడల్‌లో గాజు కిటికీ వచ్చాక ఈ అవసరం తీరింది. కానీ ఆ అరచేతి తాటు చూసిన ప్రతిసారీ నాకు రిక్షా అతని అరచేతి పోటే గుర్తొస్తుంది.

ఇదే పనిని కేబుళ్ళు లేకుండా నూనెతో చేసిన కారు మెర్సిడెస్ ఎస్ఎల్, ఆర్129 తరం. 1989లో జెనీవా ప్రదర్శనలో వచ్చింది, 2001 దాకా తయారైంది. అందులో డ్రైవరు కొక్కెం కూడా తీయనక్కర్లేదు. మీట పట్టుకుంటే 15 హైడ్రాలిక్ సిలిండర్లు, 11 సోలినాయిడ్ వాల్వులు, 17 హద్దు స్విచ్‌లు కలిసి అరనిమిషంలో అంతా ముగిస్తాయి. పాస్కల్ సూత్రం ఇక్కడ కళ్ళకు కడుతుంది. మూసిన పాత్రలో ద్రవం మీద పెట్టిన ఒత్తిడి అన్ని దిక్కులా ఒకేలా పాకుతుంది. 2 సెంటీమీటర్ల వ్యాసమున్న పిస్టను వైశాల్యం 3.14 చదరపు సెంటీమీటర్లు. దాని మీద చదరపు సెంటీమీటరుకు 100 కిలోల ఒత్తిడి పెడితే 314 కిలోల బలం. సన్నని గొట్టం ఎన్ని మలుపులు తిరిగినా బలం తగ్గదు. కేబుల్‌కు లేని సుఖం ఇది.

కానీ అక్కడా చెడిపోయేది మెత్తని వస్తువే. సిలిండరు లోపలి సీళ్ళు ఏళ్ళకేళ్ళు నూనెలో నాని, వేడికి కుళ్ళి, బంకలా మారతాయి. ముందు అద్దం పైనున్న సిలిండర్లు కారితే నూనె డ్రైవరు నెత్తి మీదే పడుతుంది. సిలిండరు గొట్టానికీ పిస్టనుకూ ఏ లోపమూ ఉండదు. కొత్త సిలిండరు కొనమని చెప్పేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. పాతదాన్ని విప్పి, వేడినీ ఆ నూనెనూ తట్టుకునే మంచి రకం సీళ్ళు వేస్తే అదే సిలిండరు మళ్ళీ ఏళ్ళపాటు పనిచేస్తుంది. ఈ పని నేర్చిన మెకానిక్‌లు ఉన్నారు, వాళ్ళకు పని ఇవ్వాలి. ఉక్కునంతా పారేసి ఉంగరమంత రబ్బరు కోసం కొత్తది కొనడం నాకు మింగుడుపడదు.

తుది మాట నీళ్ళ గురించి. మడత టాపు మీద పడ్డ వాన కొంత వెనక మూత కిందికి దిగుతుంది. అది తప్పు కాదు, అలాగే దిగాలి. రెండు పక్కలా బెజ్జాలు, వాటి నుంచి కారు కిందికి గొట్టాలు ఉంటాయి. చెట్టు కింద నిలిపిన కారులో ఎండుటాకులు, పుప్పొడి చేరి ఆ బెజ్జాలు మూసుకుపోతాయి. నీళ్ళు దారి లేక కార్పెట్టు కిందికి పాకుతాయి. బాక్స్‌టర్‌లో తాళాలనూ దొంగల అలారాన్నీ నడిపే కంట్రోల్ పెట్టె సీటు కింద, నేల మీదే ఉంటుంది. అది తడిస్తే కారు తలుపు తెరవదు, ఇంజను స్టార్టు కాదు. టాపులో దాగున్న ఖర్చుల్లో ఇదే పెద్దది, ఇదే తేలిగ్గా తప్పించుకోగలిగింది.

అలాంటి కారు మీ ఇంట్లో ఉంటే ఈ ఆదివారం రెండు పనులు చేయండి. టాపును సగం తెరిచి ఆపండి, గిన్నెల మూతుల దగ్గర తెల్ల గీత ఉందేమో టార్చి వేసి చూడండి, బంతుల మీద కొద్దిగా గ్రీజు పెట్టండి. పక్కనున్న రబ్బరు అంచులకు మాత్రం మామూలు గ్రీజు తగలనీయొద్దు, అది రబ్బరును ఉబ్బిస్తుంది, వాటికి సిలికాన్ గ్రీజు వాడాలి. తర్వాత రెండు బెజ్జాల్లోనూ ఒక్కో గ్లాసు నీళ్ళు మెల్లగా పోసి, వంగి కారు కిందికి చూడండి. పోసిన నీళ్ళు రెండు పక్కలా నేల మీద పడాలి.